పూరణ

"అయిపోయింది వదినా, కళ్లు తెరు," అంది ఝాన్సీ.

సువర్చల కళ్లు తెరిచింది. చెవిలోని శ్రవణి ఒక్కసారి చల్లబడి మళ్లీ ఒంటి వేడికి వచ్చింది. పెళ్లయిన కొత్తలో భర్తతోపాటు పెట్టించుకున్న మధురతంత్రం పోయి, దాని చోట నిర్మలతంత్రం వచ్చి కూర్చుంది.

విశాఖలో శ్రవణి పెట్టుకోని చెవి లేదు. సముద్రం ఊళ్లోకి రాకుండా కట్టిన గోడ పొడుగునా నీళ్లు తోడే యంత్రాలు హోరెత్తుతుంటాయి. నెత్తిమీద సరుకులు మోసే ఎగురుబళ్ల రొద. పక్కన కూర్చున్న మనిషి మాటయినా శ్రవణి వడకట్టి అందిస్తేనే వినబడుతుంది. ఆ శ్రవణిని నడిపేది తంత్రం. దాని లోగుట్టు సువర్చల ఏనాడూ పట్టించుకోలేదు. మాట వినబడితే చాలుననుకుంది. కానీ ఈమధ్య పాత తంత్రం మరీ ముసలిదైపోయింది. ఎదుటివాళ్ల పెదవులు కదలడం ఆగాక గానీ మాట చెవికి చేరేది కాదు. తయారుచేసినవాళ్లు దాన్ని బాగుచెయ్యడం మానేశారు.

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతావేటి?" అని పక్కింటి ఝాన్సీ వెంటబడి మార్పించింది. మార్చేటప్పుడు కొత్త తంత్రం ఏవేవో అడిగింది. సువర్చల అన్నిటికీ సరేనంది.

మధ్యాహ్నం ఆమె భర్త నీలాద్రి భోజనానికి వచ్చాడు. గోడ దగ్గర యంత్రాల కాపలా అతని ఉద్యోగం. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. సువర్చల ఆనపకాయ పులుసు వడ్డించి అతని మాట కోసం ఎదురుచూసింది. రోజూ మొదటి ముద్ద కలుపుతూ ఏదో ఒకటి అంటాడు. పులుసు బాగుందనో, ఎండలో బయటికి వెళ్లకనో. ఇవాళ తలవంచుకుని తింటున్నాడు. మాటలేదు. అలిగాడేమోననుకుంది. ఇంతలో అతను తనలో తాను నవ్వుకుని, "ఊఁ," అన్నాడు.

ఆ ఒక్క ఊకొట్టడం మాత్రం స్పష్టంగా వినబడింది.

చెయ్యి కడుక్కుని అతను పనికి వెళ్లగానే సువర్చల ఝాన్సీ ఇంటికి పరుగెత్తింది. "ఇది పనిచెయ్యడంలేదే. మీ అన్నయ్య మాట వినబడలేదు."

ఝాన్సీ శ్రవణిని పరీక్షించి తిరిగిచ్చింది. "దీనికేమీ కాలేదు వదినా. పాత దాంట్లో పూరణ ఉండేది, ఇందులో లేదు. అంతే తేడా."

"పూరణేటి?"

"రొదలో మాట సగం పోయిందనుకో. ఆ మనిషి మామూలుగా ఏమంటాడో దానికి తెలుసు కదా, ఆ మిగతా సగం అతని గొంతుతోనే అల్లేది."

"సగం పోతేనే కదా?"

"అసలేమీ అనకపోయినా అల్లేదేమో వదినా. పోయిన మాటకీ, అనని మాటకీ దానికి తేడా ఎలా తెలుస్తుంది?"

సువర్చల ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడింది. ఇన్నేళ్ల మాటల్లో అతనివి ఎన్నో, తంత్రం అల్లినవి ఎన్నో ఏరుకోబోయింది. పెదవులు కదలడం చూసిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని తేలాయి. అప్పుడు కళ్ల ఆపరేషను గుర్తొచ్చింది. రెండు కళ్లకీ కట్టు కట్టి పడుకోబెట్టిన రోజులవి. చూపు వస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోయాడు. ఆ చీకట్లో ఆమెను బతికించింది అతని గొంతు. "భయపడకు, నేనిక్కడే ఉన్నాను," అని ఆ గొంతు గంట గంటకూ చెప్పింది.

ఆ రోజుల్లో అతని పెదవులు ఆమె చూడలేదు.

సాయంత్రం నీలాద్రి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని నోరు బిగించుకుంది. కాసేపటికి అతను సముద్రం వైపు చూస్తూ తల ఊపి, మెల్లగా నవ్వాడు.

"ఇప్పుడు నేనేమన్నానండీ?"

"గోడమీద అలా నడిచొద్దామన్నావు కదా."

"నేను నోరు తెరవలేదు."

అతను నమ్మలేదు. ఝాన్సీ చెప్పిందంతా ఆమె చెబుతుంటే, పరాచికమనుకుని మొదట నవ్వాడు. ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"ఒక్కటి చెప్పండి. నా కళ్లకు కట్టున్నప్పుడు, భయపడకని నాతో అన్నారా?"

"నీ మంచం పక్కనే ఉన్నాను. అది నిజం. ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. నువ్వు ఊఁ కొట్టేదానివి, అందుకని అన్నాననే..." అని ఆగిపోయాడు. "అన్నానో లేదో నాకు తెలీదు సువర్చలా."

ఆమె ఏడవలేదు. "మీరూ మార్పించుకోండి," అంది.

"ఎందుకు? ఇలా బాగానే ఉంది కదా."

"మీకు బాగుంది. మీతో మాట్లాడుతున్నది నేను కాదండీ."

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ వచ్చి అతని తంత్రం కూడా మార్చి వెళ్లింది. ఇద్దరే మిగిలారు. సువర్చల అతని పేరు పెట్టి పిలిచింది. నీలాద్రి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. తంత్రం నేర్చుకున్నది పెళ్లినాటి గొంతు. ఇది వయసు మళ్లిన, కొంచెం జీరపోయిన గొంతు.

"నేనేనండీ," అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. మాట పైకి రావడానికి కష్టపడింది. నిన్నటినుంచీ వింటున్నా ఆ గొంతు సువర్చలకూ ఇంకా పరాయిదిగానే ఉంది.

"ఇల్లు బోసిపోయిందే," అన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లూ నా చెవిలో కబుర్లు చెప్పింది. వెళ్లొస్తానని కూడా ఆవిడతో అనలేదు."

సువర్చలకు కోపం రావలసింది, రాలేదు. అతని పక్కకు జరిగి చెయ్యి పట్టుకుంది. కళ్లకు కట్టున్న ఆ చీకట్లో తన మంచం పక్కన మాట్లాడినవాడికి తనూ ఏమీ చెప్పకుండానే వచ్చేసింది.