నాలుగో బెంచీలో కునుకు

"జాషువా గారూ, మా చర్చిలో ఫ్యాను గాలి అంత బాగుంటుందాండి?"

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వచ్చిందీ ప్రశ్న. తిరిగి చూస్తే ప్రిస్కిల్లా. మా పాస్టరు యెహెజ్కేలు గారి అమ్మాయి. చర్చిలో కీబోర్డు వాయిస్తుంది.

"ఏమండి, అలా అడిగారు?"

"ప్రసంగం మొదలవగానే నిద్రపోతారు కదా, అందుకని."

"నిద్ర కాదండి, కునుకు."

"రెండిటికీ తేడా ఏంటో?"

"నిద్రంటే పక్క వేసుకుని మనం పోయేదండి. కునుకంటే వద్దన్నా అదే వచ్చి పట్టేది. శనివారం రాత్రి నాకు పేపరు మిల్లులో నైట్ షిఫ్టు. ఆరింటికి దిగి, స్నానం చేసి, తొమ్మిదికల్లా ఇక్కడుంటాను. నేను బుద్ధిగానే కూర్చుంటాను. కళ్లే మాట వినవు."

"సరే, మీ కళ్ల సంగతి నేను చూస్తాలెండి" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం నా గడ్డం ఛాతీకి తగలబోతుండగా కీబోర్డు 'టయ్యి'మంది. ఒకే ఒక్క మీట. ఉలిక్కిపడి చూస్తే ప్రిస్కిల్లా ఏమీ ఎరగనట్టు పాటల పుస్తకం తిరగేస్తోంది. పాస్టరు గారు ఓ క్షణం ఆగి, మళ్లీ ప్రసంగంలో పడ్డారు.

అలా ఆరు నెలలు గడిచాయి. నిజం చెప్పొద్దూ, కొన్ని వారాలు కునుకు రాకపోయినా కావాలనే తల వాల్చేవాణ్ని. ఆ మీట నా ఒక్కడి కోసమే మోగుతుంటే ప్రాణం లేచొచ్చేది. చివరికి మా అమ్మ దేవకుమారికి చెప్పేశాను. "ఈ ఆదివారం మధ్యాహ్నం వెళ్లి అడుగుదాం" అంది అమ్మ.

సరిగ్గా ఆ ఆదివారమే కొంప మునిగింది. ముందు రోజు డబుల్ డ్యూటీ. మీట మోగలేదు. కళ్లు తెరిచేసరికి చివరి ప్రార్థనకి సంఘమంతా లేచి నిలబడి ఉంది. నేనొక్కణ్నే బెంచీకి అతుక్కుని ఉన్నాను. ఎదురుగా యెహెజ్కేలు గారు నన్నే చూస్తున్నారు.

బయట ప్రిస్కిల్లాని ఆపాను. "ఇవాళ లేపలేదేంటండి?"

"మీ మొహం చూస్తే లేపబుద్ధి కాలేదండి. అంత అలిసిపోయి ఉన్నారు."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. "మధ్యాహ్నం మా అమ్మని తీసుకుని మీ ఇంటికొస్తున్నానండి. మిమ్మల్ని చేసుకుంటానని అడగడానికి."

ఆమె చాలాసేపు నేల చూసింది. "ముందే చెప్పాలి కదండి. నాలుగు మీటలు కలిపి నొక్కేదాన్ని."

మేం వెళ్లేసరికి పాస్టరు గారు వాలు కుర్చీలో ఉన్నారు, పేపరు ఛాతీ మీద, కళ్లద్దాలు నుదుటి మీద. "వందనాలయ్యగారూ" అంది అమ్మ. ఆయన తడబడుతూ లేచారు.

"రండమ్మా, రండి. నిద్ర కాదు, చిన్న కునుకు తీస్తున్నాను."

అమ్మ విషయం చెప్పింది. ఆయన కళ్లద్దాలు దించుకుని నన్ను చూశారు. "కుర్రాడు మంచివాడేనమ్మా. కానీ వాక్యం చెబుతుంటే నిద్రపోయేవాడికి పిల్లనెలా ఇవ్వను?"

అంతా అయిపోయిందనుకున్నాను.

టీ తెచ్చిన ప్రిస్కిల్లా ట్రే బల్ల మీద పెట్టింది. "తప్పు నాది డాడీ. ప్రతి ఆదివారం నేనే మీట నొక్కి లేపేదాన్ని. ఇవాళ పాపం అనిపించి మానేశాను."

యెహెజ్కేలు గారు కూతురి వైపు తిరిగారు.

"ఆ మోత నీదా? కీబోర్డు పాడైందని రెండుసార్లు కాకినాడ మోసుకెళ్లాను కదే. ఏ లోపం లేదన్నాడని ఆ రిపేరు చేసేవాణ్ని తిట్టుకున్నాను కూడా."

అమ్మ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఆయనకీ నవ్వాగలేదు.

"అసలు కునకనివాడు పైనున్నాయన ఒక్కడేనమ్మా. నేనైతే అన్నం తిన్న వెంటనే కునుకుతాను. ఇతను రాత్రంతా పనిచేసి, ఇంట్లో పడుకోకుండా నా దగ్గరికొచ్చాడు" అని మా ఇద్దరి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు.

తర్వాతి శనివారం నైట్ షిఫ్టుకి సెలవు పెట్టాను. అయినా సంతోషంతో తెల్లార్లూ కంటి మీద కునుకు లేదు. విచిత్రమేమిటంటే, చర్చిలోనూ రాలేదు. నాలుగో బెంచీలో నిటారుగా కూర్చున్నాను.

ప్రసంగం మధ్యలో కీబోర్డు 'టయ్యి'మంది. తలెత్తి చూస్తే ప్రిస్కిల్లా ఈసారి చూపు తిప్పుకోలేదు.

యెహెజ్కేలు గారు వెనక్కి తిరక్కుండానే మైకులో అన్నారు.

"మేలుకునే ఉన్నాడమ్మా, నేను చూస్తూనే ఉన్నాను."