దారం చుట్టకముందే

పదో నెల పండగ వచ్చిందంటే మా ఊళ్ళో ప్రతి ఇంటా నూనె వాసనే. పోయినవాళ్ళు నరకం నుంచి సెలవు మీద వస్తారు కదా, వాళ్ళకి పెట్టాలి. నేను పొయ్యి ముందు కూర్చుని, చిల్లుల డబ్బాలో పిండి పోసి పెనం మీద తిప్పుతున్నాను. దారాల్లా సన్నగా పడుతుంది మిఠాయి. ప్రేతం నోరు సూది బెజ్జమంత, లావు తిండి దిగదు.

మా చెల్లెలు ఉబోన్ పక్కన కూర్చుని వేయించినవి వేయించినట్టు తినేస్తోంది. నేను వద్దనలేదు. ఏళ్ళ తరబడి అది ఎవరి చేతి తిండీ ముట్టలేదు. మురికి, మురికి అంటూ తోలు ఊడేదాకా చేతులు కడిగేది. అన్నం మెతుకుల్ని సబ్బునీళ్ళలో వేసేది. ఎండి పుల్లయిపోయింది. ఇంకొన్నాళ్ళుంటే దక్కేది కాదు. చివరికి పట్నం ఆసుపత్రిలో తలకి చిల్లులు పెట్టి, మెదడు లోతుకి రెండు తీగలు దించారు. మెడ ఎముక కింద తోలులో బ్యాటరీ పెట్టారు.

తనత్ డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "మెదడులో డోపమీన్ అని ఒకటి ఊరుతుందమ్మా. అది సంతోషం కాదు. 'కావాలి, కావాలి' అని మనిషిని ముందుకు తోసేది. మీ చెల్లెలికి ఆ తోపుడు దారి తప్పి కుళాయి దగ్గరే ఆగిపోయింది. కరెంటుతో మళ్ళిస్తాం. ఎంత పెట్టాలో మాత్రం మెల్లగా చూసుకోవాలి."

నేను తలూపాను. పెద్దవాళ్ళని ఎదురడగడం నాకు చేతకాదు.

నా కంచంలోంచి ఉబోన్ చేపముక్క తీసుకున్న రోజు పెరట్లోకి పోయి ఏడ్చాను. పోయిన నెల కరెంటు ఇంకాస్త పెంచారు. అప్పటి నుంచి...

"ఉబోన్, అది నేల మీద పడింది."

ఒలికిన పిండిని వేలితో తీసి నాకుతోంది. పిండికి పొడవాటి వెంట్రుక అంటుకుని ఉంది. వెంట్రుకతో సహా మింగింది.

"బాగుందక్కా," అంది. మొహం మాత్రం బాగున్నదాని మొహంలా లేదు.

ఆ సాయంత్రం కుడితి బాల్టీ మీద వంగి ఉండగా చూశాను. పుల్లటి కంపు. మీద తేలుతున్న చేప పొలుసులు దాని గడ్డానికి అంటుకున్నాయి. పండగ అవగానే డాక్టరు దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను.

మర్నాడు పొద్దున గుడికి వెళ్ళాం. వెదురు మంచె మీద తిండి పరిచారు. ఎండకి అరటిపళ్ళు నల్లబడి కారుతున్నాయి. వేయించిన చేపల మీద ఈగలు. అగరుబత్తి బూడిద అన్నిటి మీదా రాలుతోంది. మంచె నుంచి తెల్లదారం భిక్షువుల చేతుల్లోకి పోతుంది. వాళ్ళు మంత్రాలు చదివి దారం చుట్టేశాక, ప్రేతాలు తిని వెళ్ళిపోయాయని లెక్క. అప్పుడు మనం ఎగబడి, మిగిలింది లాక్కుని తింటాం. పుణ్యం.

"ఏం లమై, మీ దొరసాని ఈ ఏడు మా ఎంగిళ్ళు కూడా తింటుందా?" అంది పక్కింటి చలూయ్ అత్త. "పోయినేడు నా నీడ పడిందని చెప్పులు కడుక్కుంది."

"తింటుందత్తా. లాక్కుంటుంది కూడా, నువ్వే చూసుకో," అన్నాను. నవ్వొచ్చింది నాకు. చిన్నప్పుడు మేమిద్దరం ఇక్కడే మోచేతులతో తోసుకునేవాళ్ళం. ఆ సంబరంలో దాని చెయ్యి వదిలేశాను.

భిక్షువులు ఇంకా చదువుతున్నారు. దారం ఇంకా బిగువుగానే ఉంది.

ఉబోన్ మంచె మీదికి వంగింది.

"ఆగవే... దారం..."

వినలేదు. రెండు చేతులా కుక్కుకుంటోంది. కుళ్ళిన అరటిపండు, బూడిద, ఈగలు. ఆకు మీద చీమలు పట్టిన మాంసం... చీమలతోనే. పెదాల మీద పాకుతుంటే నాలుకతో లోపలికి లాక్కుంది. దారం అదిరింది. భిక్షువుల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

చలూయ్ అత్త నా చెవిలో గుసగుసలాడింది. "లమై... పోయినవాళ్ళింకా తింటున్నారే."

వెనక్కి లాగాను. ఉబోన్ ఒంట్లో పిసరంత బలం లేదు. అయినా రాలేదు. అటు వైపు నుంచి ఎవరో పట్టుకున్నట్టు...

దారం చుట్టనేలేదు. ఎలాగో ఇవతలికి లాగి అదే రోజు ఆసుపత్రికి చేర్చాం. తనత్ డాక్టరు దాని ఛాతీ మీద చిన్న పెట్టె ఆనించి కరెంటు బాగా తగ్గించాడు. కాసేపటికి ఉబోన్ భళ్ళున కక్కింది. నల్లటి ముద్ద, అందులో కాళ్ళు కదుపుతున్న చీమలు.

"సబ్బు... సబ్బివ్వక్కా," అంది.

ప్రాణం లేచొచ్చింది నాకు. మా ఉబోనే.

"ఇన్నాళ్ళూ అసహ్యం ఎలా పోయిందే నీకు?"

కడిగిన చేతులే మళ్ళీ కడుగుతూ మెల్లగా చెప్పింది. "పోలేదక్కా. ప్రతి ముద్దకీ అసహ్యమే. కావాలనిపించేది, అంతే. కుడితి దాకా ఆ 'కావాలి' నాదే. గుడి దగ్గర..." ఆగింది. "అది నాది కాదు."

డాక్టరు ఏదో రాసుకున్నాడు. "తగ్గించాం కదా, ఇక భయం లేదమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక ఉబోన్ పెరట్లో కుళాయి దగ్గర కూర్చుంది. ఇంకా ఎండ ఉంది. నీళ్ళ చప్పుడు వింటూ వంటకి దిగాను. కూరలోకి చేప పేగుల ఊరగాయ కావాలి. మెట్ల కింద మూల, మట్టి కూజాలో నింపి, మూతికి గుడ్డ కట్టి పెట్టాను. ఆ కంపుకి పిల్లి కూడా రాదు.

కట్టు నేను వేసింది వేసినట్టే ఉంది. విప్పాను. వాసన లేదు.

కూజా ఒంపాను. చుక్క రాలేదు. కడిగి ఎండబెట్టినంత శుభ్రంగా ఉంది.

"ఉబోన్..."

"ఇక్కడే ఉన్నానక్కా." పెరట్లోంచే. నీళ్ళ చప్పుడు ఆగలేదు.

మూతి ఇరుకు, చెయ్యి పట్టదు. చూపుడు వేలు పెట్టి తడిమాను. కూజా లోపలి గోడ వెచ్చగా తగిలింది. తడిగా...

లోపల ఏదో నా వేలిని మెత్తగా పట్టుకుని చప్పరించింది.