ఎంగిలి ఫైలు

“నాకెందుకో మనసు కీడు శంకిస్తా ఉందన్నా. ఆ బోటు తిరిగొస్తుందంటావా?”

ఆఫీసు గదిలో ఎండుచేపల గంప దించుతూ అడిగింది ఏజెంట్ రేవతి. వాకాడు తీరంలో చేపలమ్మే వేషం ఆమెది. ఆ కంపు గదంతా నిండింది.

చీఫ్ మస్తానయ్య నేరుగా బ్రీఫింగ్‌లోకి దిగాడు. విదేశీ ముఠాను వెంటాడుతూ ఏజెంట్ కిషోర్ జాలరిగా సముద్రం మీదున్నాడు. బోటులో ఏ పాపం ఎరుగని ఐదుగురు జాలర్లు కూడా ఉన్నారు. ఎక్కడెక్కడ ఆగాలో చెప్పే టెక్స్ట్ ఫైలు పొద్దున్నే బోటుకు వెళ్లింది. మొత్తం నాలుగు చోట్లు. వాటిలో ఒకటి ముఠా మార్చిందని కబురు. అక్కడ వాళ్ల షిప్పు కాచుకుని ఉంటుంది. ఉత్త కబురుకు బోటును వెనక్కి పిలిస్తే ఆరు నెలల ఆపరేషన్ నీళ్లపాలు. రుజువు కావాలి.

టైమ్ తొమ్మిదీ నలభై. పదింటికి బోటు నాలుగో చోటికి చేరుతుంది.

ఫైలు పంపిన డేటా ఆఫీసర్ రోజా లోపలికొచ్చింది. కూలింగ్ గ్లాసెస్, ఖరీదైన సెంటు. గంపను చూడగానే ముక్కు మూసుకుని గోడవారకు జరిగింది. అదే రేవతికి కావలసింది. చేపల కింద దాచిన ట్యాబ్ తీసి ఫైలు తెరిచింది, కంటికి కనిపించని గుర్తులు కూడా చూపించే పద్ధతిలో.

బోటులో ఉన్నది పాతకాలపు మెషిన్. దానికోసం ఆఫీసు కంప్యూటర్ ప్రతి వరుస చివరా, వరుస ముగిసిందని చెప్పే గుర్తు ఒక్కటే పెడుతుంది. మామూలు లాప్‌టాప్ అయితే రెండు పెడుతుంది. మూడు వరుసలకు ఒక్కో గుర్తే ఉంది. నాలుగోదానికి రెండు.

రేవతి ట్యాబ్ పట్టుకుని రోజా వైపు తిరిగింది. పరాయి చెయ్యి పెట్టి కెలికిన అన్నంలా ఉంది ఆ ఫైలు.

“ఈ వరుస మన కంప్యూటర్‌ది కాదు. నీ లాప్‌టాప్‌లో కొట్టినావు. ఆరుగురికి ఎంగిలి కూడు పెట్టినావు గదే.”

రోజా పారిపోబోయింది. మస్తానయ్య గుమ్మంలోనే పట్టుకుని బేడీలు వేశాడు.

వైర్‌లెస్‌లో హెచ్చరిస్తే ముఠా వింటుంది. ఫైలే పంపాలి. ‘తిరిగి రా’ అని రాద్దామంటే ఆ మెషిన్‌కు తెలుగు అక్షరాలు రావు, గళ్లు గళ్లుగా చూపిస్తుంది. రేవతి అంకెలు మాత్రమే కొట్టింది. ఒకే ఒక్క వరుస, వాకాడు రేవు ఉన్న చోటు. చివర ఒకే గుర్తు. రెండుసార్లు సరిచూసి పంపింది. తొమ్మిదీ యాభైతొమ్మిది.

తర్వాత వైర్‌లెస్‌లో కోడ్ అడిగింది. “పులుసు ఉడికిందా?”

క్షేమంగా ఉంటే కిషోర్ మామిడికాయ మాటెత్తాలి. బరబరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

పది దాటింది. పదింబావు అయింది. బోల్తాపడ్డ బోటు, నీళ్ల మీద తేలే చెప్పులు ఆమె కళ్లముందు కదిలాయి. ఆ పక్కన రోజా చిన్నగా నవ్వింది. రేవతికి ఉమ్మెయ్యాలనిపించింది. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చప్పుడు.

పదీ ఇరవైరెండుకు వైర్‌లెస్ గరగరలాడింది.

“మామిడికాయ లేందే పులుసేందక్కా? ఇంటికే వస్తా ఉండాం. నీ గంపలో చేపలు మాత్రం వండబాక.”