ఐస్ తగలని కోనాం

“హద్దుగా తేలే ఎర్ర బోయాలు దాటిన ఏ పడవనైనా కాల్చెయ్యండి. ప్రశ్నలొద్దు.”

ఏప్రిల్‌లో ఆ ఆర్డర్ రాయించింది ఏజెంట్ రోహితే. అప్పుడు తన తెలివికి తనే మురిసిపోయాడు. చేపల వేట నిషేధం ముగిసిన జూన్ మొదటి రోజున గాలిమర కింద నిలబడి సముద్రం చూస్తుంటే మాత్రం ఆ తెలివే గుండెల్లో బరువైంది.

2006. విశాఖ తీరం నుంచి చూస్తే చుక్కలా కనిపించే ప్లాట్‌ఫామ్ అది. సముద్రపు గాలితో కరెంటు, ఆ కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్, దాన్ని భారీ సిలిండర్లలో దాచిపెట్టడం. గాలి పడిపోయిన రోజు ఆ హైడ్రోజనే మళ్లీ కరెంటవుతుంది. ఈ మధ్యాహ్నమే దాని డెమో.

“విదేశీ ముఠా ఒకటి దీన్ని పేల్చాలని చూస్తోంది. బాంబు చేపల పడవలో వస్తుందని టిప్,” అన్నాడు చీఫ్ అర్జునరావు ఏప్రిల్ నాటి బ్రీఫింగ్‌లో. “జాలర్లలో కలిసిపో.”

రోహిత్ కలిసిపోయాడు. ప్లాట్‌ఫామ్ మీద వంటవాడు ‘చంటి’గా వేషం కట్టి, తీరాన ఉండే జాలరి సూరన్న పెళ్లాం దేముడమ్మకి వరసకి అల్లుణ్ణని బొంకి, వాళ్లింట్లో చేరాడు. వేట నిషేధం రోజుల్లో ఆ ఇంట కూరే కరువు. అయినా ఉన్న ఎండుచేప అల్లుడి కంచంలోకే వచ్చేది. తిన్న ప్రతి ముద్దా అతనికి దొంగసొత్తులా అనిపించేది.

“టార్గెట్! బోయా దాటుతోంది!” చెవిలో దాచిన రిసీవర్ అరిచింది. గస్తీ బోటు తుపాకీ తిప్పింది.

రోహిత్ బైనాక్యులర్ ఎత్తాడు. సూరన్న పడవ! రెండు చేతులా పెద్ద కోనాం చేప ఎత్తి చూపిస్తున్నాడు.

“అల్లుడా! తొలి సేప! నీకే!”

నిషేధం ముగిశాక తొలి వేటలో పడిన మొదటి చేప ఇంటి అల్లుడిది. అది ఆ ఇంటి ఆచారం. ఐస్ తగలకూడదు, చేతిలోంచి చేతిలోకే ఇవ్వాలి. తను చెప్పిన అబద్ధం నమ్మబట్టే సూరన్న చావుకి ఎదురొస్తున్నాడు.

మరి పడవలో ఆ కొత్త ఐస్‌పెట్టె ఎందుకు?

“మావా! ఆ పెట్టెవరిచ్చారు?” మెగాఫోన్‌లో అరిచాడు.

“ఇంద్రజమ్మ! నీకు కానుకంట. పైకెక్కించీమంది!”

ఇంద్రజ. హైడ్రోజన్ సేఫ్టీ ఎక్స్‌పర్ట్. వైజాగ్ పార్టీలన్నిటికీ అందం తెచ్చే మనిషి, ముఠాలో ఉంటూనే రోహిత్‌కి వాళ్ల కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఇప్పుడు ప్లాట్‌ఫామ్ అంచున, తలనొప్పి అంటూ డెమోకి ముందే తీరానికెళ్లే లాంచ్ ఎక్కబోతోంది. రోహిత్ వైపు చూసి పాలిపోయింది.

కాల్చనిస్తే ప్లాట్‌ఫామ్ దక్కుతుంది, సూరన్న దక్కడు. ఆపితే ఏదీ దక్కకపోవచ్చు.

“తాటిముంజె! తాటిముంజె!” ఫైర్ ఆపే కోడ్ వర్డ్ అరిచాడు రోహిత్. “మావా, పెట్టె నీళ్లలోకి తోసెయ్! పడవ తిప్పు!”

“కానుకరా!”

“నా మీద ఒట్టు మావా!”

సూరన్న తోశాడు. ఇంజను గర్జించింది. పడవ మలుపు తిరుగుతుండగానే సముద్రం పగిలి పైకి లేచింది. పడవ ఊగిసలాడి నిలబడింది. సిలిండర్లకు చిన్న గీత కూడా పడలేదు. గార్డులు ఇంద్రజ చేతులకి బేడీలు వేశారు.

నిచ్చెనెక్కి వచ్చిన సూరన్న ముందు రోహిత్ తలెత్తలేకపోయాడు.

“నేను నీ అల్లుణ్ణి కాను. వంటవాణ్ణీ కాను. నిన్ను కాల్చమన్న ఆర్డరూ నాదే. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.”

సూరన్న కళ్లు తుడుచుకుని, చేపను అతని చేతుల్లో పెట్టాడు.

“నీ పేరు మీద పట్టినాను. మరెవుడికిత్తాను? వంటోడినన్నావు కదేటి, వొండు. దేముడమ్మకి నువ్వే పట్టికెల్లి పెట్టాల. నిజం కూడా నువ్వే సెప్పాల.”

బాంబులు విప్పడం వచ్చిన రోహిత్‌కి పులుసులో ముందు చింతపండో, ముందు కారమో తెలియలేదు. ఆ సాయంత్రం దేముడమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అతను చెప్పిందంతా విని, గిన్నె మళ్లీ పొయ్యి మీదికెక్కించింది.

చీఫ్‌కి రిపోర్ట్ వెళ్లింది: “మిషన్ సక్సెస్. పులుసు ఫెయిల్.”