మామిడి కొత్తకి ముందురోజు

ఇలా దగ్గరికి జరగండి, గుంటల్లారా. ఫోన్లు పక్కన పడేసి వినండి. మా మాధవి పెళ్లి ఎలా కుదిరిందని అడుగుతున్నారు కదా. ఒక్క రోజులో కుదిరింది. ఆ రోజంతా నాకు కాళ్లు చేతులు ఆడలేదు.

మాధవి నా మనవరాలు, నా కొడుకు బుధు కూతురు. విశాఖలో ఓ ఆస్పత్రిలో నర్సు. అక్కడే రక్తపరీక్షలు చేసే అబ్బాయి ధర్మతేజ. పార్వతీపురం దగ్గర రైతుల బిడ్డ. ఇద్దరికీ మనసు కలిసింది. బుధు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఒక్క రోజు రమ్మను, చూస్తాను, నచ్చకపోతే సాయంత్రం ఐదింటి బస్సెక్కించేస్తాను అన్నాడు. వాడు ఒకసారి కాదంటే ఇక కాదే. ఆ భయంతో పిల్ల వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు.

రమ్మన్నది సరిగ్గా మామిడి కొత్త పండక్కి ముందురోజు. తొలికాయ ఊరి దేవతకి పెట్టేదాకా మేము మామిడి నోట పెట్టం. చెట్ల నిండా కాయలు వేలాడుతున్నా, రాలిన పిందెని చిన్నపిల్లలు కూడా ముట్టరు. విశాఖలో ఉన్నా సరే, మాధవి క్యాంటీన్లో మామిడికాయ పప్పు పక్కకి నెట్టేసేదట. ఎందుకని ఆ అబ్బాయి అడగలేదు, ఈ పిల్లా చెప్పలేదు.

పొద్దుటి రైలుకి అతను మా ఊరికి దగ్గరున్న అరకు స్టేషన్లో దిగాడు, చంకలో అట్టపెట్టెతో. సెలవు పెట్టి ముందే ఇంటికొచ్చి, నవ్వుతూ ఎదురెళ్లిన మాధవి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. పెట్టెలోంచి సువర్ణరేఖ మామిడిపళ్ల వాసన గుప్పుమంటోంది.

"ఇదేటి?"

"మీ ఇంటికని మా అమ్మ పంపింది. మా తోటవే. రైల్లో నేను రెండు తినేశాను, తేనె అనుకో."

పిల్ల మొహం పాలిపోయింది. పండగ సంగతి అప్పుడు చెప్పింది. పెట్టె తీసుకెళ్లి స్టేషన్ ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో దాయించింది. అతనిచేత మూడుసార్లు నోరు పుక్కిలింపించింది, యాలకులు నమిలించింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టబోయింది కానీ, ఒట్టు వద్దు, మాట వింటాన్లే అన్నాడట.

ఇక వాళ్లు అరకు చూసింది ఏముంది. మ్యూజియంలో మట్టిబొమ్మల ముందు నిలబడి, వాసనొస్తోందా అని అతను అడగడం, ఈమె ముక్కు దగ్గరగా పెట్టి చూడడం. అలా చూడబోయి వెనక్కి జరగడం మరిచిపోయింది. ఇది నాకెవరూ చెప్పలేదు, పిల్ల మొహం చూసి నేనే తెలుసుకున్నాను. చాపరాయి వాగు దగ్గర వాన పట్టుకుంది. ఒకే గొడుగు, ఇద్దరివీ చెరో భుజం తడిశాయి. మా నాన్నని మాత్రం బాబాయ్ అనకు, నేను నీకు చెల్లెల్ని అయిపోతానని హెచ్చరించింది. మరేమనాలి అంటే, ఏమీ అనకు, వంగి దణ్ణం పెట్టు చాలు అంది.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చారు. చోడి అంబలి, అదే రాగి జావ, పోస్తే మారు అడిగి తాగాడు. బుధు అతన్ని కాఫీ తోటలోకి తీసుకెళ్లాడు. జారే వాలులో ఆ అబ్బాయి చెప్పులు విప్పి చేత పట్టుకు నడిచాడట. మిరియం తీగ ఎన్నేళ్లకి కాస్తుందని అడిగాడట. తిరిగొచ్చేటప్పటికి నా కొడుకు మొహం విప్పారి ఉంది. అరుగు మీద కూర్చుని ఆ మాట అననే అన్నాడు.

"రేపు మా ఇంటి తరపున తొలికాయ నువ్వు కొయ్యాల."

ఆ పని మా ఇంట్లో ఇంటిమనిషికే ఇస్తాం. కోసేవాడు ఆ ఏడు మామిడి రుచి చూసి ఉండకూడదు. అతను ఊఁ అంటే చాలు, పెళ్లి కుదిరినట్టే. తలుపు చాటునుంచి మాధవి కళ్లతోనే బతిమాలుతోంది, ఊఁ అనమని.

అతను గ్లాసు కింద పెట్టాడు.

"నేను కొయ్యకూడదండి. రైల్లో రెండు పళ్లు తిన్నాను. తెలీక తిన్నాను. మిగతావి కాఫీ కొట్లో దాచాను."

"దాచమన్నది నేను," అంటూ మాధవి బయటికొచ్చేసింది. "ఎవరికీ చెప్పొద్దన్నదీ నేనే."

రేకుల మీద వాన మోగుతోంది. బుధు గోడ గడియారం చూశాడు, నాలుగున్నర. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. బస్సుకి ఆటో మాట్లాడడానికే అనుకున్నాం ముగ్గురమూ. ఆ అబ్బాయి సంచి సర్దుకున్నాడు. నేను చెవుడు వచ్చినదానిలా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను.

"ఊఁ అనుంటే ఏటి పోయేది?" అంది మాధవి.

"రోజూ మీ నాన్న మొహం చూడాలి కదా."

"రోజూనా?"

"నీతో బతకాలంటే మరి రోజూ కాదా?"

పిల్ల అతని చేతిలోంచి సంచి తీసుకుని పక్కనే పెట్టుకుని కూర్చుంది. ఐదయింది. ఐదున్నర కూడా అయింది. అప్పుడు బుధు తడిసి ముద్దయి వచ్చాడు.

"పూజారిని అడిగొచ్చినాను. రుసి సూసినోడు కొయ్యకూడదంట. నిచ్చెన పట్టుకోవచ్చంట. ఆ పెట్టె పండగయినాక తెచ్చుకోవచ్చంట." కూతురి వైపు తిరిగాడు. "పరాయి గుంటడు సెప్పినాడు. కన్నకూతురివి, నువ్వు దాసినావు."

మాధవి తల దించుకుంది. అతను మెల్లగా, బస్సు టైమ్ దాటిపోయిందండి అన్నాడు.

"ఎల్లిపోయింది. అది ఎల్లిందాకా రోడ్డు మీద నిలబడి సూసే వచ్చినాను. మీ అమ్మకీ నాన్నకీ ఫోన్ సెయ్యి. రేపు మా పండక్కి రమ్మను."

అప్పుడేడిచింది చూడండి మా పిల్ల, పొద్దుటినుంచి దాచుకున్నదంతా. నేనూ ఏడ్చాను, ఎందుకో నాకే తెలీదు.

ఇదీ కథ. రేపు మీ పిల్లలకి మీరే చెప్పాలి, నేనెన్నాళ్లుంటాను. చెప్పేటప్పుడు మాత్రం అల్లుడి గొప్ప ఒక్కటే చెప్పి ఊరుకోకండి. మా పిల్ల భయపడి చేసిన తప్పు కూడా చెప్పండి, తలుపు చాటునుంచి తనంతట తనే బయటికొచ్చి ఒప్పుకున్న సంగతీ చెప్పండి. రెండూ గుర్తుంటాయా? ఏదీ, ఒకసారి నాకు చెప్పండి, వింటాను.