పద్దెనిమిది డిగ్రీల శవం

"ఆ సూది కింద పెట్టు!"

డాక్టర్ సుందరం తలెత్తలేదు. ఎత్తే ఓపిక లేదు. తెల్లవారుజాము నుంచి నిలబడే ఉన్నాడు... ఇప్పుడు మధ్యాహ్నం మూడు. బయట కర్నూలు ఎండ మండిపోతోంది.

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఒకడు. మొహానికి మాస్కు. చేతిలో నాటు తపంచా!

టేబుల్ మీద ఖాసిం వలి. బేతంచెర్ల లారీ డ్రైవరు. క్వారీ హత్యకు ఒకే ఒక్క సాక్షి. సోమవారం కోర్టులో చెప్పాలి. ఈలోగా, ఖర్మ... గుండె మీద పెద్ద రక్తనాళం వంపు తిరిగేచోట చీలింది!

చీలిన వంపు తీసేసి, దాని చోట బట్టగొట్టం కుడుతున్నాడు సుందరం. అందుకే గుండె ఆపాడు. రక్తం ఆపాడు. ఒళ్లు పద్దెనిమిది డిగ్రీలకు చల్లార్చాడు. నలభై నిమిషాలే టైము. దాటితే మెదడు పోతుంది!

ఇరవై తొమ్మిది అయింది.

"వీడు బతికుండాడా?"

సుందరం మానిటర్ వైపు గడ్డం ఆడించాడు. అడ్డగీత.

"పోయినాడప్పా. పట్టుకొని చూడు."

వాడు పాదం పట్టుకున్నాడు. మంచుగడ్డ! చెయ్యి లాగేసుకున్నాడు.

"మరి సచ్చినోన్ని ఎందుకు కుడతాండావు?"

"పెండ్లాం చేతికి ఇయ్యాల గదా. ఎద తెరిచి ఇచ్చేదెట్లా?"

తపంచా ఖాసిం వలి నుదుటికి ఆనింది.

"ఎందుకైనా మంచిది... ఒకటి పేలుస్తా."

సూది ఆగలేదు.

"పేల్చు. రోగంతో పోయినోడు. పోస్ట్‌మార్టంలో గుండు దొరికితే హత్య కేసు నీ మెడకే."

వాడు ఆలోచనలో పడ్డాడు. రక్తం తిప్పే పంపు మెషీన్ దగ్గర టెక్నీషియన్ ప్రేమయ్య వేళ్లతో నిమిషాలు చూపిస్తున్నాడు. ముప్పై ఐదు... ముప్పై ఆరు...

సుందరం చూపు కిందికి వాలింది. వాడి ఎడమ బూటుకు లేసు లేదు. సుతిలి తాడు కట్టుకున్నాడు.

బూట్లు వెనక్కి తిరిగాయి. తలుపు మూసుకుంది.

ఆఖరి ముడి!

"పంపు ఆన్, ప్రేమయ్యా!"

ముప్పై ఎనిమిది!

ఒళ్లు వెచ్చబడటానికి గంటన్నర పట్టింది. గుండె వణికింది... ఆగింది... కొట్టుకుంది! అబ్బ, ఇక చాలు. ఎక్కడైనా కూలబడాలి.

కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు సుందరం. బెంచీ మీద ఖాసిం వలి భార్య మాబూబీ గుండెలు బాదుకుంటోంది. కాపలా కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఓదారుస్తున్నాడు.

"నా మొగుడు పోయినాడంట గదా సారూ!"

ఆ ఏడుపు చూడలేకపోయాడు.

"ఏడవద్దమ్మా! బతికినాడు!"

అనేశాడు. అన్నాక తట్టింది.

పోయినాడని తను చెప్పింది ఒక్కడికే... మరి ఈమెకెవరు చెప్పారు?

చూపు కిందికి వాలింది. కానిస్టేబుల్ ఎడమ బూటు.

సుతిలి!

"శానా మంచి మాట చెప్పినావు సారూ." కానిస్టేబుల్ లేచాడు. చెయ్యి చొక్కా కిందికి పోయి తపంచాతో బయటికొచ్చింది.

సుందరం థియేటర్ తలుపుకు వీపు ఆనించాడు. రెండు చేతులూ అడ్డంగా చాపాడు. కూలబడాలనుంది. అయినా నిలబడ్డాడు.

ఢాం!