రెండో పిడికెడు

తెలంగాణ వచ్చిన ఏడు జానమ్మ చేతిలో ఉన్నవి ఎండుచేపల బుట్టలు రెండు, ఒక తరాజు, నూనె మరకల సంచిలో ఆరు వందల నలభై రూపాయలు. ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. రైస్ మిల్లులో బస్తాలు మోసే భర్త ఇస్రాయేలు, పద్నాలుగేళ్ళ కొడుకు ప్రేమ్‌సాగర్, పదకొండేళ్ళ బిడ్డ స్వరూప. ఇంట్లోనూ కాక, బయటా కాక గడప మీద కూర్చున్నది అత్త బిక్షమ్మ. ఒళ్ళో బట్టల మూట పెట్టుకొని, రెండో కొడుకు వచ్చి తీసుకుపోతాడని పొద్దటినుంచి ఎదురుచూస్తోంది.

కట్టంగూర్‌లో ఇస్రాయేలు, అతని తమ్ముడు తల్లిని నెలకొకరు సాకాలని వంతులేసుకున్నారు. కానీ ఆ నెలకు ముప్పై ఒక్క రోజులు. ఆ ఒక్క రోజు ఎవరిదో పంచుకున్నప్పుడు ఎవరూ మాట్లాడుకోలేదు.

“ముప్పై దినాలు నేను సాదిన. ఇయ్యాల్టి బువ్వ నీ తమ్ముని ఇంట్లనే తినాలె,” అంది జానమ్మ.

ఇస్రాయేలు తమ్ముడి ఇంటికి వెళ్ళి తల వేలాడేసుకొని వచ్చాడు. “ఒకటో తారీకు రేపు గదా అంటున్నరు,” అన్నాడు.

మూట మీద చెయ్యి తియ్యకుండా బిక్షమ్మ అంది, “నా కోసం కొట్లాడకుండ్రి. ఒక్క దినమే గదా... ఉపాసముంట.”

జానమ్మ లేచి లోపలికి పోయింది. గబగబా పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చింది. బిక్షమ్మ మెతుకు విడవకుండా తిని, చేయి కడుక్కొని, కోడలి మొహంలోకి చూసింది.

“నా తీర్గ కాకు జానమ్మా. చేతుల ఇంత ఉంచుకో. చేతుల లేకుంటే కన్నోళ్ళకు గూడ బరువే.”

ఆ మాట జానమ్మను పట్టుకుంది. ముసలితనంలో ఒకరి గడప మీద మూటతో కూర్చోను... అని ఆ రోజే నిశ్చయించుకుంది.

వాళ్ళ చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని సంచిలో వేస్తారు. ఆదివారం ఆ సంచి చర్చికి పోతుంది. జానమ్మ మర్నాటినుంచి రెండో పిడికెడు కూడా తీయడం మొదలుపెట్టింది. మొదటిది దేవునికి, రెండోది తన ముసలితనానికి. దాని కోసం ఒక పాత నూనె డబ్బా కడిగి మూలన పెట్టింది.

నెల తిరిగేసరికి డబ్బాలో నాలుగు కిలోల పైన చేరేది. రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న జబీన్ అరవై రూపాయలిచ్చి కొనుక్కునేది. దానికి చేపల మీద మిగిలింది కలిపి అయిదు వందలు చేసి, ప్రతి నెలా పోస్టాఫీసులో కట్టేది. అంగడికి ఆటో ఎక్కేది కాదు, బుట్టలు నెత్తిన పెట్టుకొని నడిచేది. పండక్కి కొత్త చీర కొనేది కాదు. ఎవరైనా చేబదులు అడిగితే, “నా దగ్గర ఉన్నది చేపల వాసనే,” అని నవ్వేసేది. అయిదేళ్ళకు కట్టిన సొమ్ము చేతికొస్తే ఒక్క రూపాయి ముట్టకుండా మరో అయిదేళ్ళకు వేసింది. ఈసారి నెలకు వెయ్యి కట్టింది. వ్యాపారం తెలిసిన మనిషి ఆమె. వడ్డీ నిద్రపోదని, ఖర్చు కూడా నిద్రపోదని ఎరిగినది.

ఒక్కటే లెక్క చూసుకోలేదు. కుండలో తగ్గిన ఆ పిడికెడు ఎవరి పళ్ళెంలో తగ్గుతోంది?

బస్తాలు మోసేవాడికి నిండుగా పెట్టాలి. ఎదిగే మగపిల్లవాడికి పెట్టాలి. వాళ్ళు లేచాక తల్లీ బిడ్డా కూర్చునేవాళ్ళు. స్వరూప కుండ అడుగు గీకుతూ, “అమ్మా, ఇంకింత ఉన్నదా?” అనేది.

“ఆడపిల్లకు గింత ఆకలేందే? గంజి తాగు, కడుపు చల్లగుంటది,” అనేది జానమ్మ.

స్వరూప గంజి తాగేది. ఏడో తరగతిలోనూ తాగింది, పదో తరగతిలోనూ తాగింది. తర్వాత అడగడం మానేసింది. అడగని బిడ్డను చూసి జానమ్మ బుద్ధిమంతురాలనుకుంది.

బిక్షమ్మ చనిపోయింది. ఆమె పోయింది కూడా ఒక నెల ఆఖరున, రెండిళ్ళ మధ్యనే. ప్రేమ్‌సాగర్ పనికని హైదరాబాద్ పోయి అక్కడే ఉండిపోయాడు. ఇరవయ్యేళ్ళకు స్వరూపను నకిరేకల్‌లో వెల్డింగ్ పని చేసే విజేందర్‌కు ఇచ్చారు. ఆ మరుసటి ఏడు జానమ్మ తన డబ్బంతా ఒక్కచోట చేర్చింది. లక్షన్నర. పోస్టాఫీసులో వేస్తే నెలనెలా తొమ్మిది వందల ఇరవై అయిదు రూపాయల వడ్డీ.

“ఇగ నేను ఎవరి వంతుల్లకూ రాను,” అని చర్చి మెట్ల మీద తోటి ఆడవాళ్ళకు పాసుపుస్తకం విప్పి చూపించింది. ఆ రోజు ఆమె నడకలోనే ఒక దర్జా ఉంది...

ఏడాది తిరగకముందే స్వరూప కడుపుతో ఉంది. ఏడో నెల రాగానే జానమ్మ గారెలు వండుకొని, పూలు, పండ్లు పట్టుకొని నకిరేకల్ బస్సెక్కింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. తల్లి వచ్చి పిలిచింది, బిడ్డ బయలుదేరాలి. అది ఎక్కడైనా ఉన్న ఆచారమే.

స్వరూప గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

“నేను రానమ్మా,” అంది.

“రానంటవేందే? లోకమేమంటది?”

“లోకం నాకు బువ్వ పెట్టిందా?”

అప్పుడే వంటింట్లోంచి వచ్చిన విజేందర్ తల్లి మెల్లగా చెప్పింది. “రక్తం ఆరు గ్రాములే ఉన్నదంట వదినా. నల్లగొండ పెద్ద దవాఖాన్ల రెండు సీసాలు ఎక్కిచ్చిన్రు. డాక్టరమ్మ అడిగింది, చిన్నప్పటి సంది తిండి లేదా ఈ పిల్లకు, అని.”

“లేకపోవుడేంది?” జానమ్మ గొంతు లేచింది. “ముప్పూటలా పొయ్యి ఎలిగిన ఇల్లు మాది. నేను తినకుండ మీకు పెట్టిన. నా పళ్ళెంలకెల్లి తీసి దాసిన.”

స్వరూప నవ్వింది. అందులో సంతోషం లేదు.

“నీ పళ్ళెంలకెల్లి కాదమ్మా. నువ్వు అంగట్ల జబీనక్క బండి కాడ రెండిడ్లీ తిని వచ్చేదానివి. ఇంటికొచ్చి, నాకు ఆకలి లేదు, అని ఇంత తిని లేసేదానివి. గా పిడికెడు నాది. దినానికి రెండు పూటలు... నేను లెక్కపెట్టుకునేదాన్ని. డబ్బాల పడేటప్పుడు చప్పుడయ్యేది.”

“నోరిప్పి అడగొచ్చు గదనే బిడ్డా...”

“అడిగిన. గంజి తాగుమన్నవ్.”

బేరంలో ఎవరికీ ఓడని జానమ్మ గారెల గిన్నె మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

“ఇప్పుడు ఆ ఇంటికి వస్తే,” స్వరూప కడుపు మీద చెయ్యేసుకొని అంది, “నీ చెయ్యి ఊకుంటదా? అలవాటైన చెయ్యి. మళ్ల తీస్తది. ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు.”

తిరుగు బస్సులో జానమ్మ కిటికీ పక్కన కూర్చొని లెక్క వేసింది. ఏడ్వడం తర్వాత, ముందు లెక్క... ఆమెకు అదే తెలుసు. బియ్యానికి నెలకు అరవై. ఏడాదికి ఏడు వందల ఇరవై. తొమ్మిదేళ్ళకు ఆరు వేల నాలుగు వందల ఎనభై. మళ్ళీ వేసింది. అంతే వచ్చింది. లక్షన్నరలో బియ్యం తెచ్చింది ఆరున్నర వేలు కూడా లేదు. మిగతాదంతా చేపలు తెచ్చినవి, ఎక్కని ఆటోలు తెచ్చినవి, కట్టని చీరలు తెచ్చినవి. ఆ రెండో పిడికెడు తీయకపోయినా ఆమె ముసలితనానికి లోటు ఉండేది కాదు.

అప్పుడే ఇంకొకటి గుర్తుకొచ్చింది. స్వరూప అత్తగారింటికి పోయిన వారంలో ఎప్పటిలాగే రెండో పిడికెడు తీసింది. ఆ రాత్రి ఇస్రాయేలు తిని లేచాక కుండలో ఆమెకు నాలుగు మెతుకులే మిగిలాయి. మూడు రోజులకే అంగడిలో కళ్ళు తిరిగాయి. నాలుగో రోజునుంచి తీయడం మానేసింది. ఎందుకు మానేశానని అప్పుడు తనను తాను ప్రశ్నించుకోలేదు. బిడ్డ తొమ్మిదేళ్ళు ఓర్చుకున్నదాన్ని తాను నాలుగు రోజులు ఓర్చుకోలేకపోయింది... కొంగు నోట్లో కుక్కుకొని, బస్సు దిగేదాకా ఏడ్చింది.

ఆ నెలనుంచి ప్రతి నెలా వడ్డీ చేతికి రాగానే గుడ్లు, పెసలు, బెల్లం, నెయ్యి కొని మూటకట్టి నకిరేకల్ పోయేది. స్వరూప మూట తీసుకునేది, మాట్లాడేది కాదు. కాన్పు అత్తగారింటి వాళ్ళ చేతుల మీదే జరిగింది. మళ్ళీ రక్తం ఎక్కించారు. తల్లి బతికింది. రెండు కిలోలు కూడా లేని ఆడపిల్ల, ఆమె కూడా బతికింది.

పాపకు మూడో నెలలో జానమ్మ వెళ్ళేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల పాప నిద్రపోతోంది. చప్పుడు చేయడానికి మనసొప్పక ఆమె గడప మీద కూర్చుంది, ఒళ్ళో మూట పెట్టుకొని. ఎండ పాదాల మీదికి వచ్చాక చూసుకుంది, తాను ఎక్కడ, ఎట్లా కూర్చున్నదో. బిక్షమ్మ కూడా మూట మీద చెయ్యి ఇట్లాగే వేసుకునేది.

తలుపు తెరుచుకుంది. “ఎండల ఎందుకు కూసున్నవ్? లోపలికి రా,” అంది స్వరూప.

జానమ్మ కొంగుముడి విప్పి మిగిలిన మూడు వందలు తీసింది. “పాప పేరు మీద కట్టు బిడ్డా.”

“దానికి దాని నాయిన కడుతుండు. సంపాదన రాంగనే తీసి కడుతుండు, మేం తినేదాంట్లకెల్లి కాదు. నీ పైసలు నీ ముసలితనానికి ఉంచుకో. దానికోసమే గదా తీసినవ్.”

ఆ మాట అని, స్వరూప వంటింట్లోకి పోయి పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చింది. నిండుగా పెట్టింది. పప్పు పోసింది, పక్కన గుడ్డు పెట్టింది.

“గింత నేను తినలేనే...”

“తిను. మా ఇంట్ల తక్కువ పెట్టం.”

జానమ్మ తలొంచుకొని తిన్నది. మెతుకు విడవలేదు. నాలుగు గంటల బస్సుకు స్వరూప వాకిలి దాకా వచ్చింది, ఉండమని అనలేదు. జానమ్మా అడగలేదు.

పదకొండేళ్ళ వ్యాపారంలో ఆమెకు మిగిలింది పోస్టాఫీసులో లక్షన్నర, నెలకు తొమ్మిది వందల ఇరవై అయిదు రూపాయలు, బిడ్డ ఇంట్లో నెలకొక్క పూట అన్నం.